రూపాయిలతో కాదు, రోజుకూలితో లెక్కేద్దాం



"మా కాలంలో రూపాయికే సంచి నిండేది" అని మన పెద్దలంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ రూపాయి సంపాదించడానికి ఎన్ని రోజులు ఒళ్లు వంచారో కూడా అడగాలి.

ముందు అది ఏ రూపాయో తెలుసుకోవాలి. నిజాం రాజ్యంలో చెల్లింది హాలి సిక్కా. సుమారు 7 హాలి రూపాయలు 6 బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. ఇక జీతానికి కుదిరినవాళ్లలో చాలామందికి చేతికి దొరికింది రూపాయలు కావు; గింజలు, ఏడాదికో బట్ట. అప్పు తీరేదాకా అదే దొర దగ్గర చాకిరీ. వెట్టి కార్మిక వ్యవస్థను చట్టం రద్దు చేసింది 1975-76లో. కాబట్టి "అంతా చవక" అన్న కాలం అందరికీ చవక కాదు.

ఇప్పుడు దగ్గరి లెక్క చూద్దాం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు మన ఉమ్మడి రాష్ట్రంలో రోజుకూలి 80 రూపాయలు. 2025-26లో తెలంగాణలో 307 రూపాయలు. చూడడానికి దాదాపు నాలుగింతలు!

వడ్లతో కొలిస్తే? సాధారణ రకం క్వింటాలు మద్దతు ధర 2005-06లో 570 రూపాయలు, 2025-26లో 2,369. అప్పటి రోజుకూలికి 14 కిలోల వడ్లు వచ్చేవి, 2025-26లో 13 కిలోలు కూడా పూర్తిగా రాలేదు.

బంగారంతో కొలిస్తే? 2006లో 10 గ్రాములు సుమారు 8,400 రూపాయలు: 105 రోజుల కూలి. 2025లో ధర లక్ష దాటింది: 325 రోజులకు పైగా కూలి. ఆడపిల్ల పెళ్లికి తులం బంగారం కొనాలనుకున్న ఇంటికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

అంటే నోట్ల సంఖ్య పెరిగింది, ఒక రోజు కష్టం విలువ మాత్రం పెరగలేదు. పట్నం అడ్డాలో కూలి ఇంతకన్నా ఎక్కువే ఉండొచ్చు, కానీ ఇంటి కిరాయి, బస్సు చార్జీ అందులోంచే పోతాయి. "మునుపటికన్నా ఎన్నో రెట్లు ఇస్తున్నాం కదా" అని మేస్త్రీ అన్నప్పుడు జవాబు చెప్పాలంటే మన దగ్గర లెక్క ఉండాలి.

ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ ఊరూరి ధరలు తెలిసిన జాతి మనది. వాళ్ల కూలి లెక్కలు ఏ పుస్తకంలోనూ సరిగా లేవు. తీజ్ పండుగకు తండాకు పోయినప్పుడు పెద్దల దగ్గర కూర్చోండి. ఏ ఏడు, ఏ పని, ఎంత కూలి, పైసలా గింజలా, దానితో ఏం కొన్నారు? ఈ ఐదు ప్రశ్నలు అడిగి రాసుకోండి. వాళ్లుండగానే ఆ పని చేద్దాం.