కులశై కడలి ఒడ్డున మా సీమ మేళాలు

తమిళనాడులో రాజపాళయానికి దక్షిణాన, పడమటి కనుమల నీడలో ఉంది మా చోళపురం. ఇక్కడ ఎటు చూసినా కొండలూ చెరువులూ పొలాలే. సంకరన్‌కోవిల్, తిరునెల్వేలి దాటి చాలా దూరం పోతే గాని సముద్రపు గాలి తగలదు. అయినా మా సీమ ఆటకీ పాటకీ ఏటా జరిగే అతిపెద్ద కొలువు ఆ సముద్రం ఒడ్డునే. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణంలో ముత్తారమ్మన్ గుడి దసరా అది. ఇక్కడ అందరూ ముద్దుగా కులశై అంటారు. మైసూరు తర్వాత దసరా అంటే కులశైదే అని ఈ జిల్లాల్లో చెప్పుకుంటారు.

ఊరి చరిత్ర రాయమంటే గుడి కట్టించినవారి పేరు, చెరువు తవ్వించినవారి పేరు ముందు రాస్తాం. రాజపాళయం గురించి రాసేవారు విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి వలస వచ్చిన రాజుల కథ చెబుతారు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా నెలకొల్పిన రాజపాళయం మిల్స్ గురించి, 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గురించి, ఆయన తన సొంత ఇంటినే గాంధీ కళామండ్రానికి రాసిచ్చిన సంగతి గురించి చెబుతారు. అవన్నీ చెప్పుకోదగ్గవే. కానీ ఆ గుళ్ల ముందు వాయించిందెవరు, ఆ పెళ్లిళ్లలో ఆడిందెవరు, ఊరేగింపు ముందు నడిచిందెవరు అని అడిగితే జవాబు చెప్పే పుస్తకం దొరకదు. వాళ్ల చరిత్ర చూడాలంటే దసరా రోజుల్లో కులశై వెళ్లాలి.

నవరాత్రి మొదటి రోజు గుడిలో ధ్వజారోహణం అవుతుంది. వెంటనే మొక్కుకున్నవారు ముంజేతికి కాప్పు, అంటే కంకణం కట్టించుకుంటారు. అప్పటికే చాలామంది మాల వేసుకుని దీక్షలో ఉంటారు. కొందరిది 48 రోజుల దీక్ష, కొందరిది 41, కొందరిది 21. కాప్పు కట్టుకున్నాక వేషం వేస్తారు. వేషంతోనే ఇల్లిల్లూ, అంగడంగడీ తిరిగి కానుక అడుగుతారు. వచ్చిన డబ్బు తమకు కాదు, అమ్మవారి హుండీకి. పదో రాత్రి, విజయదశమి నాడు, అమ్మవారు సింహవాహనం మీద కడలి ఒడ్డుకు కదులుతుంది. అక్కడ మహిషాసురుడు తలలు మార్చుకుంటూ ఎదురు నిలుస్తాడు. ఒకసారి ఏనుగు తల, ఒకసారి సింహం తల, ఒకసారి ఎనుము తల. చివరికి అమ్మవారి శూలం దిగుతుంది. లక్షలాది జనం, వందలాది మేళాలు, కెరటాల హోరు, ఇవన్నీ కలిసి చెవులు మూసుకున్నా వినిపించే నాదం అది.

ఆ జనంలో లేని వేషం లేదు. రాజు, మంత్రి, కురత్తి (ఎరుకలసాని), బిచ్చగాడు, పోలీసు, కోతి, ఎలుగుబంటి, ఆడవేషం కట్టిన మగవారు, అన్నిటికీ మించి కాళి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టి భక్తులు వీధుల్లో తిరుగుతారు. అక్కడా ఇక్కడా ఒకటే నమ్మకం: రోగం తగ్గాలనో, పెళ్లి కావాలనో, బిడ్డ పుట్టాలనో మొక్కుకున్నవాడు తన రూపాన్నే కొన్నాళ్లు అమ్మకు అప్పగిస్తాడు. ఇంజనీరైనా, ఇటుకబట్టీ కూలీ అయినా మొక్కు మొక్కే. బిచ్చగాడి వేషం కట్టినవాడు నిజంగానే చేయి చాచాలి. ఉన్నవాడు అడుక్కోవడం, లేనివాడు కిరీటం పెట్టుకోవడం ఏడాదిలో ఈ పది రోజులే జరుగుతుంది.

కాళి వేషం అందరూ కట్టలేరు. దీక్షలో ఉన్నన్నాళ్లు విడిగా ఉండి, ఒంటిపూట తిని, నేల మీద పడుకోవాలి. కట్టేటప్పుడు చూడాలి ఆ శ్రమ. ముందు ముఖానికి రంగు, ఆపైన కోరలు, వేలాడే నాలుక. తలకు పాతగుడ్డ గట్టిగా చుట్టి, దాని మీద నల్లటి జడలు, వాటి మీద బరువైన కిరీటం. వీపుకు చెక్క చేతులు తాళ్లతో బిగిస్తారు. ఊపిరి తీసుకోవడానికి తాళ్లు కాస్త వదులు చేయమని వేషం కట్టినాయన వేళ్లతో సైగ చేస్తాడు, ఎందుకంటే కోరలు పెట్టాక మాట రాదు. ఇంత బరువు మోస్తూ ఎండలో కిలోమీటర్లు నడుస్తాడు. పక్కన తప్పు, అంటే తప్పెట, మోగగానే అలసట ఎటుపోతుందో, అడుగు తాళంలో పడుతుంది.

తప్పు లేనిదే వేషం కదలదు. దసరా గుంపు ఏదైనా దానికో మేళం ఉండాలి. తప్పెట వాయించేవారు ఊరి పొలిమేరలో ఆగి, ఎండుగడ్డి అంటించి, తోలు మంటకు చూపిస్తారు. చెమ్మ ఆరి తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి వింటారు. కంగుమనేదాకా మళ్లీ మళ్లీ కాస్తారు. సముద్రం దగ్గరికి వచ్చేకొద్దీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ పని తరచుగా చేయాలి. చేతిలో ఉన్న వాద్యానికి ఎంత సెగ కావాలో, ఎక్కడ ఆపాలో పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

కాస్త ఖర్చు పెట్టుకోగల గుంపులు నైయాండి మేళాన్ని పిలుచుకుంటాయి. నాదస్వరాలు, తవిళ్లు, పంబ, ఉరుమి, తముకు కలిసిన మేళం ఇది. దీనికి తగ్గ ఆట కరగం. తల మీద పూలు చుట్టిన కుండ, దాని కొసన చిలుక బొమ్మ. చేయి తగలకుండా ఆడాలి. గుడికి నీళ్లు నింపి తీసుకెళ్లే శక్తి కరగం వేరు, జనం ముందు ఆడే ఆట కరగం వేరు. గోదావరి జిల్లాల గరగలు, అనంతపురం ఉరుములు తెలిసిన తెలుగువారికి కరగం, ఉరుమి రెండూ బంధువుల్లాగే కనిపిస్తాయి.

ఈ మేళాల్లో తెలుగువారి వాటా గురించి మా ఊళ్లలోనే సరిగ్గా తెలియదు. దక్షిణ జిల్లాల్లో తప్పు వాయించే అరుంధతియార్ ఇళ్లలో చాలాచోట్ల నేటికీ తెలుగే మాట్లాడతారు. వీధిలో తమిళ పాటకు తాళం వేసి, ఇంటికి వచ్చి తెలుగులో బిడ్డను పిలుస్తారు. రాజకంబళత్తు నాయకర్లదీ అదే తీరు. జక్కమ్మను కొలిచే ఈ తెలుగువారి ఆట దేవరాట్టం. కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల్లో రుమాళ్లు, వరసగా నిలబడి ఆడతారు. మామూలుగా పాట ఉండదు. దేవదుందుభి అనే వాద్యం ఒక్కటే వారికి మాట. వంకర పుల్లతో తోలును రాస్తే అది మూలుగుతుంది, మరో వైపు కొడితే గర్జిస్తుంది. ఒకప్పుడు వారి పెళ్లిళ్లలో, గుడి పండుగల్లో మాత్రమే ఆడిన ఈ ఆటకు ఇవాళ కోవిల్‌పట్టి చుట్టుపక్కల, ముఖ్యంగా జమీన్ కోడంగిపట్టి వంటి ఊళ్ల వల్ల బడిపిల్లలూ అడుగులు వేస్తున్నారు.

విల్లుపాటలోనూ మనవాళ్లున్నారు. చిరుగంటలు కట్టిన పెద్ద విల్లును కుండకు ఆనించి, నారిని పుల్లలతో కొడుతూ కథ చెప్పే ఈ కళ తిరునెల్వేలి సీమ సొత్తు. దీన్ని దేశమంతా వినిపించిన సుబ్బు ఆరుముగంకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఈ పాటల్లో ముత్తుపట్టన్ కథ ఒకటి. బ్రాహ్మణ యువకుడు ముత్తుపట్టన్ అరుంధతియార్ అక్కచెల్లెళ్లు బొమ్మక్క, తిమ్మక్కలను మనువాడి, పశువుల దొంగలతో పోరాడి ప్రాణం విడుస్తాడు. పాపనాశం పైన కారైయారు అడవిలో, సొరిముత్తు అయ్యనార్ గుడి దగ్గర, ఆ ముగ్గురికీ ఈనాటికీ పూజ జరుగుతుంది. పట్టన్‌కు భక్తులు చెప్పులు సమర్పిస్తారు. తమిళ పాటలో తెలుగు ఆడపడుచులు దేవతలైన కథ ఇది.

కులశై దారికి కాస్త ఎడంగా ఎట్టయాపురం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించింది అక్కడే. ఆ సంస్థానాన్ని ఏలినవారు తెలుగు నాయకర్లు. దీక్షితుల వంశీకుడు సుబ్బరామ దీక్షితులు 1904లో అక్కడి ముద్రణాలయంలోనే సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించారు, అదీ తెలుగులో. కర్ణాటక సంగీతానికి మూలగ్రంథాల్లో ఒకటి ఈ నల్లరేగడి నేల మీద తెలుగు లిపిలో పుట్టింది. నాదస్వర విద్వాంసుడు కారుకురిచ్చి అరుణాచలం కూడా తిరునెల్వేలి సీమవారే. ఆయన కచేరీకి వచ్చిన జనంలో దసరా మేళగాళ్లు లేరని ఎవరూ అనలేరు. సంస్థానంలో కచేరీ, పొలిమేరలో తప్పు, ఈ రెండూ ఒకే నేల మీద పెరిగాయి. మొదటిది పుస్తకానికెక్కింది. రెండోదాని సంగతి పెద్దగా ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు కులశైలో మార్పులూ వచ్చాయి. లారీల మీద పెద్ద స్పీకర్లు, సినిమా పాటలు, కొన్నిచోట్ల అసభ్యమైన ఆటలు చేరాయి. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం జోక్యం చేసుకుని అశ్లీల నృత్యాలు కూడదని ఆదేశాలిచ్చింది. ఆ ఆదేశం అవసరమే. కానీ స్పీకర్ వచ్చిన చోట మొదట ఖాళీ అయ్యేది తప్పెటగాడి చేయి. ఒక లారీ అద్దెకు తెచ్చుకుంటే ఆరుగురు వాద్యగాళ్లకు పని పోతుంది. 2020, 2021లలో కరోనా వల్ల ఒడ్డున జనాన్ని రానివ్వనప్పుడు, ఈ పది రోజుల సంపాదన మీద ఏడాది గడిపే కుటుంబాలు ఎంత నలిగాయో పక్కింటివాళ్లుగా మేం చూశాం.

చెన్నైలోనూ ఇలాంటి కళలకు వేదికలు పెట్టారు. 2007లో చెన్నై సంగమం అనే ఉత్సవం మొదలై, పల్లె కళాకారులను నగరం పార్కుల్లోకి తెచ్చింది. 2015లో బీసెంట్ నగర్ పక్కనున్న ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే జాలరి పల్లెలో కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ, మరికొందరు కలిసి ఉత్సవం మొదలుపెట్టారు. కర్ణాటక కచేరీకీ, పరై అనే తప్పెటకీ అక్కడ ఒకే వేదిక. మంచి పనులే. అయితే అక్కడ ఎవరు ఆడాలో నిర్వాహకులే నిర్ణయించి పిలవాలి. కులశైలో పిలిచేది మొక్కు. అందుకే అక్కడ ఎంపిక లేదు, ముందు వరస లేదు, కులం అడిగి పక్కకు నెట్టే వేదిక లేదు. పెద్ద మేళగాడి పక్కన తొలిసారి కాలు కదిపిన కుర్రాడూ ఆడతాడు. ఇన్ని రకాల ఆట ఒకచోట బతికి ఉండటానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ ఆట కలకాలం నిలవాలంటే చేయాల్సిన పని మాత్రం కులశైలో లేదు, మన ఊళ్లలోనే ఉంది. చోళపురంలోనూ, చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ వాద్యం తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఎవరు ఏ వాద్యం వాయించారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ గుడి ముందు ఏ దరువు వేశారు అన్నది వారిని కూర్చోబెట్టి అడిగి, తమిళంలోనూ తెలుగులోనూ రాసిపెట్టాలి. బడి వార్షికోత్సవానికి స్పీకర్ బదులు ఊరి మేళాన్నే పిలవాలి. పిలిచినప్పుడు బేరమాడకుండా పూర్తి సంభావన ఇవ్వాలి. తమిళనాడు ప్రభుత్వ జానపద కళాకారుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవడానికి చదువుకున్న పిల్లలు వారికి తోడు వెళ్లాలి. గుడి కట్టించినవారి పేరు రాతి మీద ఉంది. ఆ గుడి ముందు వాయించినవారి పేర్లు కాగితం మీదికైనా తేవడం మా తరం బాధ్యత. వచ్చే దసరా కాప్పు కట్టేలోగా మా ఊళ్లో మొదటి నోటుపుస్తకం తెరవాలని నా కోరిక.