పొదిలి ఎద్దులూ, మోకాళ్ళ ఫోటోలూ

పొదిలి, దర్శి ప్రాంతపు రైతులకు ఆ జబ్బు మొదట ఎద్దులలో కనబడింది. అరకకు కట్టిన ఎద్దు కొన్నేళ్ళకే కాళ్ళు బిగుసుకుపోయి, అడుగు తీసి అడుగు వేయలేకపోయేది. కీళ్ళలో ఏదో పట్టివేసినట్టు నిలబడిపోయేది. పశువుకు వచ్చిన కష్టం రైతుకు కళ్ళముందే కనబడుతుంది, ఎందుకంటే ఆరోజు దుక్కి ఆగిపోతుంది. అదే బిగువు మనిషి నడుముకు వస్తే మాత్రం వయసు మీద పడిందనుకుంటారు, వాతమంటారు, పూర్వజన్మ ఫలమనైనా అంటారు. కాబట్టి మనుషులలోనూ అదే జబ్బు ఉన్నదని పుస్తకాలకెక్కడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

ఆ సంవత్సరం 1937. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి ముగ్గురూ కలిసి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం ప్రకటించారు. వ్యాసం పేరులోనే నెల్లూరు ఉంది. అదే ఏడు షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ కలిసి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ మీద మరొకటి వ్రాశారు. మన దేశంలో మనుషుల ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా వర్ణించినవి ఇవేనని వైద్యగ్రంథాలన్నీ ఇప్పటికీ పేర్కొంటాయి. (పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం పేరు పెట్టారు. అందువలన నేటి పటం ముందుంచుకుని ఆ వ్యాసాలు చదివితే తికమక తప్పదు.)

ఈ పేర్లలో ఇద్దరి గురించి ఒక మాట. షార్ట్ ఆ తరువాత 1948లో, మలేరియా పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టాడు. లోకం ఆయనను దానికే గుర్తుంచుకుంది, పొదిలిని మరచిపోయింది. ఇక బర్నార్డ్. ఈయన క్ష-కిరణాల మనిషి. 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ప్రారంభమైన రేడియాలజీ సంస్థ ఈయన పేరుమీదనే ఉంది. పల్లెటూరి మనిషి నడుమునొప్పి గురించిన వ్యాసంలో ఆయన పేరు ఎందుకున్నదన్నదే నేను చెప్పదలచుకున్న విషయానికి మూలం.

నీటిలోని ఫ్లోరిన్‌కూ పళ్ళమీది గోధుమరంగు చారలకూ సంబంధమున్నదని అమెరికాలో తేలింది 1931లో. ఆ మరుసటి ఏడే కోపెన్‌హాగెన్‌లో, క్రయొలైట్ ఖనిజపు ధూళి పీలుస్తూ పనిచేసే కూలీల ఎముకలు క్ష-కిరణ చిత్రాలలో సుద్దముక్కల్లా తెల్లగా, చిక్కగా కనబడుతున్నాయని మూలర్, గుడ్‌యోన్సన్ అనే వైద్యులు గమనించారు. పొదిలి రైతుకు క్రయొలైట్ అంటే ఏమిటో తెలియదు. అయినా అతని వెన్నెముక కూడా ఫోటోలో అలాగే తెల్లబడింది. పూసకూ పూసకూ మధ్యనున్న స్నాయువులు సున్నం పట్టి గట్టిపడి, వెన్ను మొత్తం ఒక్క కర్రలా తయారయింది. ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండెముకలున్నాయి కదా, వాటి మధ్యనుండే పలుచని పొర కూడా ఎముకగా మారుతుంది. ముంజేతి ఫోటోలో ఆ పొర అంచు ముళ్ళకంపలా కనబడిందంటే ఈ జబ్బును అనుమానించవలసిందే. తొంభయ్యేళ్ళు కావస్తున్నా ఈ గుర్తు పాతబడలేదు. దీన్ని పట్టుకోవడానికి మామూలు ఎక్స్‌రే చాలు, లక్షలు పోసి కొన్న యంత్రం అక్కరలేదు. రంట్‌గెన్ 1895లో కనిపెట్టి, పేటెంటు కూడా తీసుకోకుండా లోకానికి వదిలేసిన విద్య అది.

ఇక్కడ మా కోవూరు ప్రసక్తి తేవాలి. పెన్నకు ఉత్తరపు గట్టున, నెల్లూరికి ఎదురుగా ఉన్న ఊరు. సంగం ఆనకట్ట నుండి వచ్చే నీళ్ళు కనిగిరి జలాశయంలో చేరి, అక్కడినుండి కాలువలగుండా మా చేలకు పారుతాయి. మొలగొలుకులు పండిన నేల ఇది. కొత్తవారు రెండు కనిగిరులను ఒకటిగా పొరబడతారు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి మా కనిగిరి చెరువు. మెట్టలో ఉన్న కనిగిరి ఊరు. పేరు ఒకటే అయినా నీళ్ళు ఒకటి కావు. నదిలో పారే నీరు రాతిని తాకి తాకనట్టు పోతుంది. మెట్టలో లోతు బావులలోని నీరు నల్లరాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలిచి, అందులోని ఫ్లోరైడును తనలో కలుపుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మా జిల్లాలోనే ఉదయగిరి వైపు వెళితే ఆ హద్దు దాటిన బావులున్నాయి. అంటే ఒకే జిల్లాలో, ఒకే యాసలో మాట్లాడుకునే ఇద్దరు మనుషుల మోకాళ్ళ నొప్పికి రెండు వేర్వేరు చరిత్రలుండవచ్చు.

మా పెద్దమ్మ పొదిలి దగ్గరి పల్లెలో పుట్టి, పంతొమ్మిదో ఏట కోవూరికి కాపురానికి వచ్చింది. ఇప్పుడు అరవయ్యెనిమిది. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. గడప దాటాలంటే తలుపు పట్టుకోవాలి, కింద కూర్చుంటే లేపడానికి ఒకరుండాలి. ఆమెను చూసిన ఒక ప్రైవేటు వైద్యుడు చేయి వేసి చూడకుండానే చీటీ వ్రాశాడు: రెండు మోకాళ్ళకూ, నడుముకూ ఎమ్మారై. ఏ కేంద్రంలో తీయించాలో కూడా ఆ చీటీమీదే అచ్చువేసి ఉంది. మొత్తం పద్దెనిమిది వేలు అన్నారు. పెద్దమ్మ చీటీ నా చేతిలో పెట్టి, “ఏందబ్బయా, మోకాలు ఫోటోకి ఇంత డబ్బా? రెండు తులాల వెండి గొలుసులు నాలుగొస్తాయి గదరా” అంది. ఆమె లెక్క ఎప్పుడూ వెండిలోనే ఉంటుంది.

మా ప్రాంతంలో వైద్యానికి వేరొక సంప్రదాయం కూడా ఉండేది. కోవూరు తాలూకా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు అందరికీ తెలుసు. ఆయన తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారి పేరుమీద నెల్లూరిలో ప్రజావైద్యశాల ఉంది. తక్కువ ఖర్చుతో చూడటం, పల్లెల యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పి తిరిగి పల్లెలకు పంపడం అక్కడి పద్ధతి. రోగిని మాట్లాడించి, తాకి చూసి, ఆ తరువాతనే పరీక్ష వ్రాయాలన్న నియమం కేవలం బీదతనంవల్ల పుట్టినది కాదు, అది వైద్యశాస్త్రం చెప్పే క్రమమే. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది గాని, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సలకోసం. నడిచి వచ్చి నడిచి వెళ్ళే రోగి స్కానింగు ఖర్చు మాత్రం చాలావరకు రోగి కొంగుముడిలోనుండే రావాలి. ప్రైవేటు స్కానింగు కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచింది ఈ సందులోనే.

పద్దెనిమిది వేలు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేను ఆశ్రయించినది అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిని. ఆ ఊరి జనం తరతరాలుగా పరిశోధకులకు ఒళ్ళప్పగించి కూర్చున్నారు. అక్కడ 50 నుండి 90 ఏళ్ళ మధ్యవారు 991 మందికి, నొప్పి ఉన్నా లేకపోయినా, కుడి మోకాలికి ఎమ్మారై తీశారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మోకాటి చిప్ప వెనుక కీలులో మెత్తలా ఉండే నెలవంక ఆకారపు మృదులాస్థి చిరిగి ఉన్నవారు ఎందరో తేలారు. డెబ్భై దాటిన మగవారిలో సగానికి పైనే. అయితే అలా చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పిగాని, బిగువుగాని లేనేలేదు. నడుముది కూడా ఇదే కథ. 1994లో ఏ నొప్పీ లేని 98 మందికి తీసిన చిత్రాలలో, అన్ని డిస్కులూ సక్రమంగా ఉన్నవారు 36 శాతమే.

దీని తాత్పర్యం తిన్నగా చెబుతాను. అరవయ్యెనిమిదేళ్ళ మోకాలిని ఎమ్మారైలో పెడితే ఏదో ఒకటి కనబడుతుంది. కనబడినదే నొప్పికి కారణమన్న హామీ లేదు. కాని కాగితంమీద ‘చిరుగు’ అన్న మాట పడ్డాక దాన్ని కుట్టించుకోవాలనిపించడం మానవ సహజం. అరుగుదలతో వచ్చిన మోకాళ్ళ నొప్పికి కీలులోకి గొట్టం పంపి కడిగే శస్త్రచికిత్స, ఉత్తుత్తి కోతకంటే మేలు చేయలేదని 180 మందిమీద జరిపిన పరీక్ష 2002లోనే చూపింది. ఒక పరీక్ష చేయించేముందు అడగవలసినది “ఏమి కనబడుతుంది?” అని కాదు. “కనబడినదాన్నిబట్టి చేయబోయే వైద్యం మారుతుందా?” అని అడగాలి. మారకపోతే ఆ డబ్బు దండగ. వెండి గొలుసులే నయం.

అలాగని స్కానింగులన్నీ దోపిడీ అని మాట తూలేవారితో నేను ఏకీభవించను. ఉదయం లేచాక గంటసేపు వేళ్ళు బిగుసుకుపోతున్నా, కీలు వాచి వేడిగా ఉన్నా, జ్వరమూ బరువు తగ్గడమూ తోడైనా, దెబ్బ తగిలినా, రాత్రి నొప్పి నిద్ర లేపుతున్నా తాత్సారం చేయరాదు. వాటిలోనూ కొన్నింటికి రక్తపరీక్ష ముందు, ఫోటో తరువాత. అసలు ఏ ఫోటోకూ చిక్కని కీళ్ళనొప్పులు కూడా ఉంటాయి. 2005-06లో చికున్ గున్యా రాష్ట్రమంతా కమ్మేసినప్పుడు వీధులలో జనం వంగి నడిచిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. నెలల తరబడి ఉన్న ఆ నొప్పికి ఎముకల ఫోటో తీసి ఏమి చూడాలి?

పెద్దమ్మను నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాము. వరుసలో మూడు గంటలు. లోపల ఒక యువ వైద్యురాలు మోకాలిమీద చేయి పెట్టి వంచి చూసి, “పుట్టినూరు ఏది అమ్మా?” అని అడిగింది. పొదిలి పేరు వినగానే, “చిన్నప్పుడు తాగింది బావి నీళ్ళా?” అన్నది. 1937 నాటి ప్రశ్న అది. మోకాళ్ళకు నిలబెట్టి ఒక ఎక్స్‌రే, ముంజేతికి ఒకటి వ్రాసింది. ముంజేయి శుభ్రంగా ఉంది, పొర పొరగానే ఉంది. మోకాళ్ళలో కీలు సందు తగ్గింది. వయసూ, బరువూ, వాకిట్లో గొంతుకూర్చుని చేసిన యాభై ఏళ్ళ చాకిరీ తెచ్చిన అరుగుదల. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, కుర్చీ, అవసరమైనప్పుడు మాత్ర. ఎమ్మారై అక్కరలేదని చెప్పింది. పెద్దమ్మ అంతా విని, “అయితే మా తమ్ముణ్ణి గూడా తీసుకొస్తా తల్లీ, వాడు ఆ నీళ్ళే ఇప్పటికీ తాగుతుండాడు” అంది.

మామయ్య అదే పల్లెలో ఉండిపోయినవాడు. అక్కాతమ్ముళ్ళకు ఒకే బావి, కాని ఆమె తాగింది పంతొమ్మిదేళ్ళు, ఆయన తాగింది అరవై పైన. వెనుకనుండి పిలిస్తే మెడ తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. ఊళ్ళో అది ఆయన దర్జా అనుకునేవారట. అంతకంటే నన్ను కలవరపెట్టినది వేరొక సంగతి. కొన్ని నెలలుగా నడుస్తుండగా కాలినుండి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. అరికాళ్ళు తిమ్మిరి. రెండుసార్లు చేనిగట్టున పడ్డాడు. ముంజేతి ఎక్స్‌రేలో ఆ ముళ్ళకంప అంచు స్పష్టంగా ఉంది. వెన్ను ఫోటో సుద్దలా తెల్లగా ఉంది.

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. గట్టిపడిన స్నాయువులు వెన్నెముక లోపలి గొట్టాన్ని ఇరుకు చేసి వెన్నుపామును నొక్కుతున్నాయా, ఎక్కడ నొక్కుతున్నాయి అన్నది మామూలు ఎక్స్‌రే చెప్పలేదు. ఎమ్మారై చెబుతుంది. అది చెప్పినదాన్నిబట్టి శస్త్రచికిత్సా కాదా అన్నది తేలుతుంది. ఆలస్యమైతే కాళ్ళు పోవచ్చు. ప్రభుత్వాసుపత్రి యంత్రం దగ్గర మాకు ఇచ్చిన తేదీ దూరంగా ఉంది, కాబట్టి బయట డబ్బు కట్టి మెడకు తీయించాము. పెద్దమ్మ తన మోకాళ్ళకని దాచిన డబ్బులోనుండి తీసి ఇచ్చింది, ఈసారి వెండి ప్రసక్తి తేలేదు. మెడలో రెండు చోట్ల నొక్కుడు ఉంది. ఆ ఎముక మామూలు ఎముకకంటే గట్టిది కాబట్టి ఆపరేషను సులువు కాదని శస్త్రవైద్యుడు దాచకుండా చెప్పాడు. పోయిన బలం ఎంత తిరిగి వస్తుందో తెలియదు గాని ఉన్నది నిలుపుకోవచ్చన్నాడు. మామయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఆరోజు ఆయన వెంట ఎనిమిదేళ్ళ మనవడు వచ్చాడు. వైద్యురాలు నవ్వించబోతే నవ్వాడు. పై పళ్ళమీద గోధుమరంగు చారలు. ఏ నీళ్ళు తాగుతావురా అని అడిగితే, ఇంట్లో క్యాను నీళ్ళు, బడిలో బోరు నీళ్ళు అన్నాడు.