ఎర్రసిరా గీత ఎవరిది?

డిగ్రీ విద్యార్థుల వ్యాసాలు దిద్దుతూ ఒకసారి ఆగిపోయాను. ఇంటి గురించి రాయమంటే ఒక ముస్లిం కుర్రాడు "మా నానీ ఇంతెకాల్ అయిన రోజు" అని మొదలుపెట్టాడు. "అమ్మమ్మ చనిపోయిన రోజు" అని ఎర్రసిరాతో దిద్దబోయాను. నేనూ ముస్లిమునే. మా ఇంట్లోనూ నానీయే. చిన్నప్పుడు బడిలో నా కాపీ మీద పడిన గీతనే ఇప్పుడు నేను గీస్తున్నాను. అదే వ్యాసంలో రైతు, కాగితం, జిల్లా, తారీఖు కూడా ఉన్నాయి. వాటి జోలికి నా చెయ్యి పోలేదు. రైతు అరబ్బీ నుంచి వచ్చిన మాటే. ఇంతెకాలూ అరబ్బీయే. మరి ఒకటి తెలుగెట్లా అయింది, ఇంకొకటి తప్పెట్లా అయింది?

ఈ ప్రశ్నకు జవాబు వ్యాకరణంలో దొరకదు, చరిత్రలో వెతకాలి. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేశారు. జనం కచేరీల్లో, బజార్లలో వాడే ఫారసీ, హిందూస్తానీ మాటలకు 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశారు. ఒకే నోట్లోని మాటలు రెండు పుస్తకాలయ్యాయి. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయింది. తర్వాతి పండితులు దాన్ని పట్టుకునే ఒప్పూ తప్పూ తేల్చారు.

1910ల్లో ఆ తీర్పు మీద యుద్ధమే నడిచింది. స్కూల్ ఫైనల్ పిల్లలు ఏ తెలుగు రాయాలి? వాడుక తెలుగే రాయాలన్నారు గిడుగు రామమూర్తి. కూడదన్నారు జయంతి రామయ్య పంతులు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. అప్పటికి గ్రాంథికానిదే పైచెయ్యి. 1919లో గిడుగు 'తెలుగు' పత్రిక పెట్టి పోరాటం సాగించారు. కాలక్రమంలో పత్రికలూ పాఠ్యపుస్తకాలూ వాడుక భాషలోకి వచ్చాయి. నిన్నటి తప్పు నేటి ఒప్పయింది.

అయితే గెలిచింది ఎవరి వాడుక? గిడుగు అడిగింది శిష్ట వ్యావహారికం. శిష్టులంటే చదువుకున్నవాళ్లు. ఆనాడు చదువు ఏ ఇళ్లలో ఉందో వేరే చెప్పాలా? దళితుల మాట, తెలంగాణ మాట, మా మాట గడప బయటే నిలబడ్డాయి. పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) ఛందస్సులో పద్యాలు రాసి పండితుల మెప్పు పొందారు. ఆయన ప్రతిభకు సలాం. కాని మా ఇంటి మాటతో ఆ మెప్పు దొరికేదా?

మా ఇంటి మాటా ఒక్కటి కాదు. ఎన్నో దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటి భాష. ఉర్దూ రాదని వాళ్లను సాటి ముస్లింలే చిన్నచూపు చూస్తారు. ఎర్రసిరా మా చేతుల్లోనూ ఉంది. అది ఒప్పుకోకుండా పక్కవాణ్ణి వేలెత్తి చూపలేం.

ఇదంతా పెద్ద పిల్లలకు పాఠంగా చెప్పాలి. ఒక పాత భూమి దస్తావేజు ఇచ్చి, ప్రతి మాటా ఎక్కడినుంచి వచ్చిందో వెతకమనాలి. తరగతిని రెండుగా చేసి ఒకరిని గిడుగు పక్షాన, ఇంకొకరిని రామయ్య పంతులు పక్షాన వాదించమనాలి. చివర్న, ఈ వాదనలో ఎవరు లేరో అడగాలి. గిడుగు సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు తయారుచేశారు. ఆ పని సగంలో ఆగిందని, మిగతా సగం మన వంతని చెప్పాలి.

నేను ఆ పాఠం చెప్పినప్పుడు కుర్రాడు అడిగాడు: "సార్, పరీక్షలో ఇంతెకాల్ అని రాస్తే మార్కులు పోతాయి కదా?" పోవచ్చు. అబద్ధం చెప్పలేదు. పరీక్ష భాష నేర్చుకో, అది నీ హక్కు. కాని అది కొందరు మనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందమని మరిచిపోకు. ఒప్పందాలు మారతాయి. నానీని మాత్రం తప్పనుకోకు.

ఆ వ్యాసం మీద గీత గీయలేదు. "ఇంతెకాల్ అంటే మీ ఇంట్లో ఏమిటో ఇంకో పేరా రాయి" అని కింద రాశాను. రాసుకొచ్చాడు. తరగతిలో చదివించాను. ఆ మాట అర్థం కాలేదని ఎవరూ అనలేదు.