నిప్పును సహించిన లోహము

జెట్ విమానమనగానే మనకు దాని వేగము స్ఫురించును. ఆ వేగము కొరకు లోహము పడిన అగ్నిపరీక్ష అంతగా తలపునకు రాదు.

ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ 1930లో జెట్ ఇంజనుకు పేటెంటు కోరెను. ఆయన ఇంజను 1937 ఏప్రిల్ 12వ తేదీన తొలిసారి తిరిగెను. ఊహ ఫలించినది, కాని లోహము వెనుకబడినది. మండుచున్న వాయువుల మధ్య ఎఱ్ఱగా కాగుచు, నిమిషమునకు వేల చుట్లు తిరుగు టర్బైను రెక్కలకు ఉక్కు చాలలేదు. కరుగుటకు ఎంతో ముందే అది మెత్తబడి కొద్దికొద్దిగా సాగును. పైభాగము ప్రాణవాయువుతో కలిసి పెచ్చులై రాలును. ఒక్క రెక్క విరిగినను ఇంజను ధ్వంసము కావచ్చును.

దీనికి విరుగుడు ఇంటి వస్తువులోనే ఉన్నది. విద్యుత్ పొయ్యిలోని తీగచుట్ట ఎఱ్ఱగా కాగియు ఏండ్ల తరబడి మన్నుట మనమెఱిగినదే. అట్టి తీగలకు వాడు నికెల్-క్రోమియం మిశ్రలోహమునకు 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందెను. అందలి క్రోమియం ప్రాణవాయువుతో కలిసి పలుచని గట్టి పొరయై లోపలి లోహమును కాపాడును. ఇంగ్లండులోని మాండ్ నికెల్ కంపెనీ వారు దానికి కొలదిగా టైటానియం, అల్యూమినియం చేర్చి, వేడిలోను సడలని బలము చేకూర్చి, 1941 ప్రాంతమున నిమోనిక్ 80 అను లోహమును రూపొందించిరి.

అదే యుద్ధకాలమున జర్మనీకి నికెల్, క్రోమియం కరవైనవి. మెసర్‌ష్మిట్ 262 విమానపు ఇంజనులో ఇంధనము మండు గదులను మామూలు ఉక్కుతో చేసి అల్యూమినియం పూత పూసిరి. ఆ ఇంజనుల ఆయువు సాధారణముగా 10 నుండి 25 గంటలు. 1944లో యుద్ధమున దిగిన బ్రిటిష్ మీటియర్ విమానపు ఇంజనులు 180 గంటలకు గాని పూర్తి మరమ్మతు కోరలేదు. ఈ వ్యత్యాసముపై వైమానికుల ప్రాణములు ఆధారపడి యుండెను.

కరుగుటకు ఎక్కువ వేడి కావలసిన లోహమే నిప్పునకు ఓర్చునని తలపరాదు. నికెల్ 1455 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. టైటానియం 1668 డిగ్రీల వద్ద. అయినను గాలిని అదిమి పంపు కంప్రెసరులో టైటానియం రెక్క కవచమునకు గట్టిగా రాసుకొన్నచో, కరుగకమునుపే అంటుకొని క్షణములలో దహించుకొనిపోవచ్చును. అందుచే తేలికయైన టైటానియమును ఇంజను ముందుభాగమునకు పరిమితము చేసి, మంటకెదురు నిలుచు పనిని నికెల్ మిశ్రలోహములకు అప్పగించిరి.

నేటి ఇంజనులలో వాయువుల వేడి నికెల్ కరుగు స్థాయినే మించినది. రెక్కల లోపల సన్నని దారులగుండ గాలి పంపి, పైన పింగాణి వంటి పూత పూసి, వానిని కాపాడుచున్నారు. మన హైదరాబాదులో 1973లో స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్ ఈ రెండు జాతుల లోహములను తయారుచేయుచున్నది. విమానము గాలిలో ఎగురునన్న మాట నిజమే. కాని దానిని నిలుపునది కొలిమిలో పుట్టిన ఈ ఓర్పు.