నూతిగోడ మీది నూగుమొక్క

విజయనగరమున మా పాతయింటి నూతిలో, సున్నము రాలిన రాళ్లసందులనుండి యొక చిన్నమొక్క వ్రేలాడుచుండెడిది. పూవు లేదు, గింజ లేదు. కాడనిండ గోధుమవన్నె నూగు. ఆకుకొన తాకినచోటనే వేరూని మఱియొక మొక్క యగును. బొఱ్ఱా గుహలవంటి సున్నపురాతి తావులును, సున్నముతో గట్టిన పాతగోడలును ఇట్టి మొక్కలకు నెలవులు. ఆంగ్లేయులు ఈ జాతిని ఫెర్ను లందురు. స్వీడను దేశపు లిన్నేయసు 1771లో, ‘తోక గలది’ యను నర్థమున, దీనిని అడియాంటం కాడేటం అనెను.

మన తీరపు మొక్కలకు చరిత్ర వ్రాసినవాడు రాక్సుబరో దొర. 1781 మొదలు సామర్లకోటలో నుండి, చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, ఇచ్చటివారి నడిగి తెలుగుపేర్లను గూడ గ్రంథముల కెక్కించెను. 1815లో గతించెను. పూవులేని మొక్కలనుగూర్చి యాయన వ్రాసినది మాత్రము 1844లో గాని కలకత్తాలో అచ్చుపడలేదు. పూవులేనిదానికి పండితుల పంక్తిలోను కడపటి విస్తరియే!

మా నాయనమ్మ ఆ నూతిమొక్క నేదో పేరున పిలిచెడిది. నేను వ్రాసికొనలేదు, ఇప్పుడు జ్ఞప్తికి రాదు. నూతిని పూడ్చివేసిరి. శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో మీకా పేరు తెలిసియున్నచో, మనుమలచేత నొక కాగితముపై వ్రాయించి యుంచుడు.