పొట్టి మొక్కజొన్న: ఎదుగుదల హార్మోన్ల గుట్టు ఎలా తేలింది?

ఒకే నేలలో, ఒకే నీటితో మొలిచిన మొక్కజొన్నల్లో కొన్ని నిటారుగా సాగుతుండగా మరికొన్ని కురచైన వెడల్పాటి ఆకులతో, ముదురాకుపచ్చ రంగులో నేలబారుగా ఉండిపోతాయి. తెగులు గానీ పోషక లోపం గానీ లేకున్నా ఒక్క జన్యువులోని మార్పు ఇందుకు చాలు. మొక్క ఎత్తును శాసించే హార్మోన్లను శాస్త్రవేత్తలు అర్థం చేసుకున్నది చాలావరకు ఈ పొట్టి మొక్కల సాయంతోనే.

తొలి అనుమానం ఆక్సిన్‌పై

1930ల నాటికి బాగా తెలిసిన వృక్ష హార్మోన్ ఆక్సిన్. డచ్ సంతతి శాస్త్రవేత్త యోహానెస్ వాన్ ఓవర్‌బీక్ 1935లో మామూలు మొక్కజొన్న మొలకలను, 'నానా' అనే పొట్టి రకం మొలకలను పోల్చి చూశారు. పొట్టి మొలకల్లో ఆక్సిన్ ఎక్కువగా నశిస్తోందని ఆయన గుర్తించారు. అయితే అసలు కారణం మరోచోట ఉంది. 'నానా ప్లాంట్-1' జన్యువు బ్రాసినోస్టీరాయిడ్ అనే వేరే హార్మోన్ తయారీకి అవసరమని 2011లో వెల్లడైంది.

వరి తెగులు నుంచి వచ్చిన ఆధారం

జపాన్ రైతులు 'బకనే' అని పిలిచే తెగులు సోకితే వరి మొక్కలు సన్నగా, అతిగా పొడవు పెరిగి చతికిలబడతాయి. ఇందుకు కారణం శిలీంధ్రం విడుదల చేసే పదార్థమేనని 1926లో ఐఇచి కురొసావా నిరూపించారు. 1935లో తెయిజిరో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ (లాస్ ఏంజెలిస్) శాస్త్రవేత్త బెర్నార్డ్ ఫిన్నీ ఈ పదార్థాన్ని పొట్టి మొక్కజొన్నలపై ప్రయోగించి, ఫలితాలను 1956లో ప్రచురించారు. డి1, డి3, డి5 వంటి పొట్టి రకాలు మామూలు మొక్కల మాదిరిగా ఎదిగాయి. మామూలు మొలకల్లో మార్పు స్వల్పమే. వాటికి కావలసిన హార్మోన్ వాటిలోనే తయారవుతోందని దీని అర్థం. పూల మొక్కల్లోనూ జిబ్బరెల్లిన్ వంటి పదార్థాలున్నాయని మరుసటి ఏడాదే ఫిన్నీ బృందం ఆధారాలు చూపింది.

గొలుసులో తెగిన లంకెలు

జిబ్బరెల్లిన్ మొక్కలో ఒకేసారి తయారు కాదు. ఒక్కో ఎంజైమ్ ఒక్కో మెట్టు దాటిస్తుంది. డి5 మొక్కలో తొలి దశల్లో ఏర్పడవలసిన కారీన్ అనే పదార్థం తగినంతగా తయారు కాదు. డి3లో మధ్య దశ, డి1లో చివరి దశ దెబ్బతింటాయి. జిఎ20 అనే రూపం జిఎ1గా మారేది ఆ చివరి దశలోనే. అందుకే డి1 మొలకకు జిఎ20 ఇచ్చినా ప్రయోజనం నామమాత్రం; జిఎ1 ఇస్తే కాండం సాగుతుంది. మొక్కజొన్న కాండాన్ని పెంచే అసలు రూపం జిఎ1 అని ఈ పరీక్షలతో స్పష్టమైంది.

డి8 రకం తీరు వేరు. అందులో హార్మోన్‌కు కొదవ లేదు, బయటి నుంచి ఇచ్చినా స్పందన ఉండదు. ఎదుగుదలకు అడ్డుకట్ట వేసే డెల్లా అనే ప్రోటీన్‌ను మామూలు మొక్కల్లో జిబ్బరెల్లిన్ తొలగింపజేస్తుంది. డి8లో ఆ ప్రోటీన్ మారిపోయి ఉండటంతో తొలగదు.

పొలానికి చేరిన ఫలితం

హరిత విప్లవానికి ఊతమిచ్చిన పొట్టి గోధుమల్లోని జన్యువులు, డి8 జన్యువు ఒకే కోవకు చెందినవని 1999లో తేలింది. 1966లో విడుదలైన ఐఆర్8 వరి పొట్టిదనానికి కారణం మాత్రం హార్మోన్ తయారీలోని లోపమని 2002లో బయటపడింది. ఎరువులు ఎక్కువ వేసినప్పుడు పొడవాటి పైరు వెన్ను బరువుకు పడిపోతుంది. పొట్టి పైరు నిలబడి గింజనిస్తుంది.

పొట్టి మొక్కలన్నిటికీ కారణం ఒకటి కాదు, మందూ ఒకటి కాదు. లోపం హార్మోన్ తయారీలో ఉందా, దానికి స్పందించడంలో ఉందా అన్నది తెలిస్తేనే పిచికారీ ఫలిస్తుందో లేదో చెప్పగలం.