గుణదల మేరీమాత ఉత్సవం

గుణదల మేరీమాత ఉత్సవం విజయవాడలోని గుణదల కొండ మీద ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే కతోలిక తిరునాళ్లు. తెలుగు నేల మీద మరియతల్లి పేరున జరిగే పండుగల్లో దీనికి వచ్చినంత జనం మరో చోటికి రారనే చెప్పాలి. కతోలికులతో పాటు ఇతర క్రైస్తవ సంఘాల వారు, హిందువులు కూడా మొక్కులు తీర్చుకోవడానికి కొండెక్కుతారు. పీఠం అధికారిక నామం లూర్దు మాతది. జనం నోట మాత్రం ఆమె ‘గుణదల మాత’, ‘మేరీమాత’, ‘కొండ మీది తల్లి’.

తేదీ, నేపథ్యం

పండుగ తేదీ ఫ్రాన్సు నుంచి వచ్చింది. పిరనీ పర్వతాల దిగువన ఉన్న లూర్దు పట్టణంలో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్త సుబీరూ అనే 14 ఏళ్ల పేద బాలికకు మసబియేల్ గుహ దగ్గర మరియతల్లి తొలి దర్శనం కలిగింది. ఆ ఏడాది జులై వరకు మొత్తం 18 దర్శనాలు జరిగాయని కతోలిక శ్రీసభ లెక్క. మరియ జన్మపాప రహిత అన్న విశ్వాస సత్యాన్ని 9వ పియుస్ పోపు 1854లోనే ప్రకటించి ఉన్నారు. లూర్దులో తల్లి తనను తాను ఆ పేరుతోనే చెప్పుకొన్నదని బెర్నదెత్త వాంగ్మూలం. స్థానిక మేత్రాణులు (బిషప్పు) 1862లో ఈ దర్శనాలను నమ్మదగినవిగా గుర్తించారు. 1907లో 10వ పియుస్ పోపు ఈ పండుగను ప్రపంచ శ్రీసభ అంతటికీ విస్తరించారు. బెర్నదెత్త 1933లో పునీతురాలయింది. 1993 నుంచి ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగానూ పాటిస్తున్నారు.

సార్వత్రిక ఆరాధన పంచాంగంలో ఈ రోజు ఐచ్ఛిక స్మరణ మాత్రమే. విచారణ గురువు జరపవచ్చు, మానవచ్చు. గుణదలలో అది ఏడాదికంతటికీ పెద్ద పండుగ. పుణ్యక్షేత్రానికి పాలక పునీతురాలి పండుగ కావడమే ఇందుకు కారణం.

స్థాపన: ఏ ఏడాది నుంచి?

గుణదల అప్పట్లో 1886లో ఏర్పడిన హైదరాబాదు మేత్రాసనం కిందిది. ఇక్కడ పనిచేసిన గురువుల్లో ఎక్కువమంది మిలాను నగరానికి చెందిన ఇటలీ మిషనరీలు. వారి సంస్థకే 1926 నుంచి ‘పీమే’ అన్న పేరు. గుణదలలోని సెయింట్ జోసెఫ్ అనాథ శరణాలయానికి రెక్టరుగా ఫాదర్ అర్లాటి 1924లో వచ్చారని, కొండ మీద మరియతల్లి స్వరూపాన్ని నిలిపారని క్షేత్ర చరిత్రలు చెబుతాయి. 1937లో కొండ శిఖరాన దాదాపు 18 అడుగుల ఇనుప సిలువను నెలకొల్పడం రెండో మెట్టు. ఇప్పుడున్న దేవాలయ నిర్మాణం 1971కి పూర్తయిందన్నది ఎక్కువగా వినబడే మాట.

అందువల్ల ‘ఉత్సవం ఎప్పుడు మొదలైంది’ అన్న ప్రశ్నకు జవాబులు వేరువేరుగా ఉంటాయి. స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి లెక్కించేవారు 1924 అంటారు. కొండ యాత్రాస్థలంగా మారిన నాటి నుంచి లెక్కించేవారు 1937ను పట్టుకుంటారు. ఈ రెంటికీ నిజమైన వైరుధ్యం లేదు. మొదటిది శరణాలయపు పిల్లల, గురువుల భక్తి కాలం, రెండోది ఊళ్ల నుంచి జనం నడిచి రావడం మొదలైన కాలం అనుకుంటే రెండూ పొసగుతాయి. మేత్రాసన చరిత్ర కూడా ఈ వరుసకే బలమిస్తుంది. 1933లో బెజవాడ ప్రాంతం హైదరాబాదు నుంచి విడివడి ప్రత్యేక పాలన కిందికి వచ్చింది. 1937లోనే అది పూర్తి స్థాయి మేత్రాసనమైంది. బెజవాడకు సొంత మేత్రాసనం, గుణదల శిఖరాన సిలువ ఒకే ఏడాది రావడం కాకతాళీయం కావచ్చు. అయినా తిరునాళ్లుగా పండుగ వయసును 1937 నుంచి లెక్కించడమే సబబుగా తోస్తుంది. మేత్రాసనానికి విజయవాడ అన్న పేరు 1950లో వచ్చింది.

ఆచారాలు

పండుగకు ముందు నవదిన ప్రార్థనలు జరుగుతాయి. మూడు రోజులూ వేకువ నుంచి రాత్రి వరకు దివ్యబలి పూజలు, జపమాల, పాపసంకీర్తనాలు, దివ్యసత్ప్రసాద ఆరాధన సాగుతాయి. చివరి రోజు సమష్టి దివ్యబలికి మేత్రాణులు, గురువులు, మఠకన్యలు పెద్ద సంఖ్యలో వస్తారు. ఇవి శ్రీసభ ఏర్పరచిన క్రమం.

రెండో వరుస జనం తెచ్చినది. కొండ మీది గుహలో ఉన్న తల్లి ముందు కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, పూలదండలు వేస్తారు, అగరువత్తులు ముట్టిస్తారు. తలనీలాలు సమర్పిస్తారు. సంతానం కోసం, జబ్బు నయం కావడం కోసం మొక్కుకున్నవారు కోరిక తీరాక పిల్లలను ఎత్తుకొని తిరిగి వస్తారు. శిఖరాన ఉన్న సిలువకు వెళ్లే దారిలో సిలువ మార్గపు 14 స్థలాలున్నాయి. ఒక్కో స్థలం దగ్గర మోకరించి ప్రార్థించుకుంటూ పైకి పోతారు. కొండ కింద దుకాణాల్లో జపమాలలు, స్వరూపాలు, కొవ్వొత్తులు, బొమ్మలు, మిఠాయిలు అమ్ముతారు. ఆ సందడి ఏ తిరునాళ్ల సందడికీ తీసిపోదు.

ఆచారాల మూలం

కొబ్బరికాయ, తలనీలాలు ఇక్కడికి ఎలా వచ్చాయన్న దానిపై రెండు వాదాలున్నాయి. రెండో వాటికన్ మహాసభ (1962–65) తరువాత శ్రీసభ తెచ్చిన దేశీయీకరణ ఫలమే ఇవన్నది ఒకటి. భారతీయ ఆరాధన కోసం 1969లో రోము ఆమోదించిన పన్నెండు అంశాలను ఇందుకు చూపుతారు. అయితే ఆ అంశాల్లో చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపం, ఆరతి వంటివి ఉన్నాయి గానీ కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం లేవు. పైగా అవి గుడి లోపలి ఆరాధనకు ఉద్దేశించినవి. గుణదల మొక్కులు గుడి బయట, కొండ మెట్ల మీద తీరేవి. కనుక ఇవి జనమే వెంట తెచ్చుకున్నవన్న రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. కొత్త విశ్వాసంలోకి వచ్చిన కుటుంబాలు దేవుని ముందు కృతజ్ఞత చెప్పుకోవడానికి తమకు తెలిసిన భాషనే వాడాయి. మొక్కు అన్న మాట మారలేదు, మొక్కే తీరూ మారలేదు. ఎవరి ముందు తల వంచుతున్నామన్నది మారింది. దీన్ని మూఢాచారమని తోసిపుచ్చడం ఆ కుటుంబాల విశ్వాసానికి అన్యాయం చేయడమే.

ఉత్తర తెలంగాణతో పోలిక

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు వారికి ఈ ఆచారాలు కొత్తగా అనిపించవు. వేములవాడ రాజన్నకు, కొండగట్టు అంజన్నకు తలనీలాలిచ్చే సీమ అది. ఈ ఊళ్లున్న పూర్వపు కరీంనగర్ జిల్లా లాటిన్ రీతి కతోలికులకు సంబంధించి 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనం కిందిది; దాని ప్రధాన దేవాలయం కాజీపేటలోని ఫాతిమా మాత గుడి. అంటే ఇక్కడి పాలక మాత ఫ్రాన్సు లూర్దుది కాక పోర్చుగల్ ఫాతిమాది. అక్కడి దర్శనాలు 1917 మే 13న మొదలయ్యాయి. ఆదిలాబాద్ జిల్లాలో కేరళ మూలాల సీరో మలబార్ రీతి మేత్రాసనం 1999లో చాందా మేత్రాసనం నుంచి విడివడి ఏర్పడింది. ఆ రీతివారికి జులై 3న వచ్చే తోమా అపొస్తలుని పండుగ ముఖ్యమైనది. మేత్రాసనం ఏదైనా, రీతి ఏదైనా, కాజీపేట మీదుగా విజయవాడకు రైలు మార్గం ఉండటంతో గుణదల ఉత్తర తెలంగాణ భక్తులకూ అందే దూరంలోనే ఉంది.

తపస్కాలంతో సంబంధం

ఉత్సవం తేదీ స్థిరం. తపస్కాలాన్ని ఆరంభించే విభూది బుధవారం మాత్రం ఫిబ్రవరి 4కూ మార్చి 10కీ మధ్య కదులుతూ ఉంటుంది. అందుచేత చాలా ఏళ్లు తిరునాళ్లు ముగిశాకే ఉపవాస దినాలు వస్తాయి. అరుదుగా రెండూ కలుస్తాయి: 2005లో విభూది బుధవారం ఫిబ్రవరి 9న, 2016లో ఫిబ్రవరి 10న పడ్డాయి. 2008లో ఫిబ్రవరి 6నే తపస్కాలం మొదలైంది. అటువంటి ఏళ్లలో తపస్కాలపు రోజులూ తల్లికి పూలదండ వేసే రోజులూ ఒక్కటవుతాయి. తలనీలాలిచ్చి, సిలువ మార్గంలో మోకరిస్తూ కొండెక్కే భక్తునికి ఈ రెంటి మధ్య పొత్తు కుదరకపోవడమంటూ ఉండదు.